రాహుకాలంలో రిలీజు

పోయిన వారం మీరు నన్ను మా కొట్టు మేడమెట్ల మీద వదిలేశారు. చేతిలో ఫోను, నోట్లో పేస్టు నురగ, ఫోన్లో కనపడని పాట. ఇవాళ కథ అక్కడి నుంచే మొదలు. మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పి ముందుకెళ్తాను.

కళింగపట్నం రేవులో పుట్టిన ధనరాజు అనే కుర్రాడు ఒక ర్యాప్ పాట కట్టాడు. రాజాం మెయిన్ రోడ్డులో బట్టల కొట్టు నగరేశ్వరరావు గారి కూతురు సింధూరి, అంటే నేను, ఆ పాటని మా కొట్టు మీది గోడౌన్లో రికార్డు చేశాను. నాలుగు గోడలకీ అమ్ముడుపోని లుంగీ బేళ్ళు పేర్చి, బయటి బస్సు హారన్లు లోపలికి రాకుండా చేసుకున్నాను. ఆగస్టు పది, శుక్రవారం పాట యాపుల్లోకి రావాలి. వారం తిరిగేసరికి తెలుగు పాటల టాప్ ఫిఫ్టీలో కనపడితే ధనరాజు ఇక్కడే ఉండి రెండో పాట మొదలుపెడతాడు. కనపడకపోతే, పడవ నడిపే గంగులు తండేలు జట్టుతో గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి, తొమ్మిది నెలలు అక్కడి బోట్ల మీద వేట చేస్తాడు. వాళ్ళ మామ్మ గురమ్మ పెట్టిన షరతు అది. పోయినేడు కూడా వెళ్ళొచ్చాడు. ఆ తొమ్మిది నెలల్లో ఒక్క పల్లవి రాయలేదని వాడే చెప్పాడు.

శుక్రవారం వచ్చింది. పాట రాలేదు.

యాప్‌లో ధనరాజు అని కొడితే ఎవరో భజనలు పాడే పెద్దాయన వస్తున్నాడు. పాట పేరు కొడితే వంటల వీడియో వస్తోంది. ఆరు గంటల నుంచి పది దాకా ఎన్నిసార్లు వెతికానో నాకే తెలీదు. పది కొట్టగానే హైదరాబాదులో ఉండే ఆనంద్‌కుమార్‌కి ఫోన్ చేశాను. పాటల్ని యాపులకి చేర్చే కంపెనీలో మా పని చూసేది ఆయనే.

"మేడమ్, మీరే కదా విత్‌డ్రా చేయించారు?" అన్నాడు, ఎంతో మర్యాదగా.

"నేనా?"

"అకౌంట్ ఎవరి పేరు మీదుందో ఆయన. సోమవారం ఫోన్ చేశారు. ఆదివారం ఉదయం ఏడూ ఇరవై రెండుకి మార్చమన్నారు. మా సిస్టంలో నిమిషాలు ఉండవు సార్ అంటే, పోనీ ఆదివారమైతే చాలన్నారు. వారంలోపు తేదీ మార్చడం కుదరదు మేడమ్. పాట మొత్తం తీసేసి మళ్ళీ కొత్తగా పెట్టాల్సిందే. ఆయన అలాగే కానీండి అన్నారు."

అకౌంట్ మా నాన్న పేరు మీదుంది. నా పాన్ కార్డులో ఇంటిపేరు తప్పు పడితే, దిద్దించేదాకా ఆయనది వాడుకుందామని నేనే పెట్టాను. ఓటీపీలు ఆయన ఫోనుకే వస్తాయి, మెసేజీలు ఆయనకీ ధనరాజుకీ వెళ్తాయి. మూడు నెలలు రాత్రీ పగలూ చచ్చిచెడి ఆ పాటని పైకి తెచ్చిన నా పేరు మాత్రం ఆ కంపెనీలో ఏ మూలా లేదు. తెలివైనదాన్ని కదా.

కిందికి దిగాను.

కింద ఆషాఢం సేల్. గుమ్మానికి అడ్డంగా గుడ్డ బేనరు, లోపల చీరల గుట్టలు, గుట్టల చుట్టూ ఆడవాళ్ళు. మా నాన్న గల్లాపెట్టె వెనక కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, ఒకావిడకి వాయిల్ చీర రంగు పోదని హామీ ఇస్తున్నారు.

"నాన్నా, పాట తేదీ మార్చారా?"

"ఆఁ. నీకు చెప్దామనే అనుకున్నాను. నువ్వు ఎప్పుడు చూసినా చెవుల్లో ఆ డిప్పలెట్టుకుని ఉంటావు."

"ఏటి నాన్నా చేసేరు మీరు? ఎందుకు మార్చేరు?"

ఆయన నన్ను జాలిగా చూశారు. ఎక్కాలు రాని పిల్లని చూసినట్టు. "ఆషాఢమమ్మా. ఆషాఢంలో పాత సరుకు వదిలించుకుంటాం. కొత్త సరుకు దించుతామా? మా తాతల కాడి నుంచీ ఈ కొట్టులో ఆషాఢంలో కొత్త తాను విప్పినోళ్ళు లేరు."

"అది సరుకు కాదు. పాట."

"జనంలోకి వెళ్ళేది ఏదైనా సరుకే. పైగా ఇవాళ చతుర్దశి, రేపు అమాస. ఆ ధనరాజునే అడుగు, అమాస ముందర కొత్త పడవ దించుతారేటో. ఆదివారం శ్రావణ శుద్ధ పాడ్యమి. లక్షణంగా ఉంటాది. నీ మంచికే చేసేనమ్మా."

నీ మంచికే అన్న మాట వింటే నాకు కడుపు మండుతుంది. ఇంటరులో నాకు లెక్కలు పెట్టించింది నా మంచికే. హైదరాబాదులో సౌండ్ ఇంజినీరింగ్ కోర్సు మాన్పించింది నా మంచికే. నా మంచి కోసం ఈయన పడ్డ పాట్లలో సగం నేను పడుంటే ఈపాటికి ఎక్కడో ఉండేదాన్ని.

సరే, అరిచి లాభం లేదని, గల్లాపెట్టె మీద చెయ్యి పెట్టి నెమ్మదిగా చెప్పడం మొదలుపెట్టాను. "నాన్నా, టాప్ ఫిఫ్టీ లెక్క శుక్రవారం నుంచి గురువారం దాకా వేస్తారు. ఆ ఏడు రోజుల్లో ఎంతమంది విన్నారో అదే లెక్క. ఆదివారం వదిలితే రెండు రోజులు గంగలో కలిసినట్టే. అదొక్కటే కాదు. ముంబైలో యాప్ ఆఫీసులో కూర్చునేవాళ్ళు ప్రతి శుక్రవారం కొత్త పాటల లిస్టు ఒకటి పెడతారు. దేశమంతా ఆ లిస్టు ఆన్ చేసుకుని పనులు చేసుకుంటారు. మన పాట అందులో తొమ్మిదోది. మూడు వారాల ముందు పంపితే, వాళ్ళు విని, నచ్చి, పెట్టేరు. ఆ తొమ్మిదో స్థానం లేకపోతే ధనరాజు పాటని పనిగట్టుకుని వెతుక్కుని వినేదెవరు? కళింగపట్నం లైట్‌హౌస్ దాటితే వాడి పేరెవరికి తెలుసు?"

ఆయన అంతా విన్నారు. నిజంగానే విన్నారు, ఆ మాట ఒప్పుకోవాలి.

"అయితే ఆ ముంబై వాళ్ళకి చెప్పు, ఆదివారం పెట్టమని. మనకి చీరలు పంపే సూరత్ వాళ్ళు పండగని బట్టి సరుకు పంపటం లేదా?"

చెవిటివాడి ముందు శంఖం ఊదడం అంటే ఏమిటో నాకు ఆ క్షణం తెలిసింది.

ఈలోగా వాయిల్ చీర ఆవిడ మధ్యలో దూరింది. "ఏటి సావుకారూ, పాపకి ముహూర్తం పెట్టేరా? ఆషాఢంలో వద్దు బాబూ, పాప సెప్పినా ఇనకండి." మా నాన్న ఆవిడకి మరో పది రూపాయలు తగ్గించారు.

పదకొండూ పదికి ఆనంద్‌కుమార్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి గొంతులో కాస్త ప్రాణముంది. "మేడమ్, ముంబై వాళ్ళతో మాట్లాడాను. మీ పాట తీసేశాక తొమ్మిదో స్థానంలో పెట్టిన పాటకి ఏదో ఇబ్బంది వచ్చింది. లిస్టు మధ్యాహ్నం పన్నెండుకి మూసేస్తారు. ఆలోపు మీవాళ్ళు ఓటీపీ చెప్తే ఇవాళే ఎక్కించేస్తాం. ఇప్పుడే పంపిస్తున్నాను."

నాన్న జేబులో ఫోను కుయ్‌మంది. నేను చెయ్యి చాచాను. ఆయన ఫోను తీసి, అంకెలు చూసి, మళ్ళీ జేబులో పెట్టుకున్నారు.

"నాన్నా."

ఆయన గోడ మీది కాలెండరు వైపు చూశారు. "శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు దాకా రాహుకాలం."

"నాన్నా, పన్నెండుకి లిస్టు మూసేస్తారు."

"పన్నెండు కొట్టగానే ఇస్తాను."

"పన్నెండు కొట్టగానే మూసేస్తారు."

"ఆషాఢమన్నాను, ఒప్పుకోలేదు. చతుర్దశన్నాను, ఇనలేదు. సరే, పాపం పిల్లదని ఆ రెండూ వదిలీసినా, రాహుకాలంలో నా చేత్తో ఎలా ఇమ్మంటావమ్మా? రేపు ఏదైనా అయితే ఎవరిది పూచీ?"

నవ్వాలో ఏడవాలో తెలీలేదు. అక్కడ కుర్చీ లేదు, ఒక చీరల గుట్ట మీద కూలబడ్డాను. ముంబైలో ఎవరో ఏసీ గదిలో కాఫీ తాగుతూ గడియారం చూస్తుంటాడు. వాడికి రాజాంలో రాహుకాలం నడుస్తోందని ఎవరు చెప్తారు?

అప్పుడు వచ్చాడు ధనరాజు. కొట్టు గుమ్మంలో చెప్పులు విడిచి, భుజాన పెద్ద సంచితో, చేతిలో నేను ఇచ్చిన హెడ్‌ఫోన్స్ పట్టుకుని. ఇస్త్రీ చొక్కా. తలకి నూనె. ఊరెళ్ళే మనిషి వాలకం.

"ఇవి ఇచ్చీసి ఎల్దామని వచ్చేనక్కా," అన్నాడు.

"ఎక్కడికి?"

"వెరావల్. మా జట్టులో మొదటి బేచి ఈవేళే ఎల్తన్నాది. సాయంత్రం నాలుగుకి ఆమదాలవలసలో బండి. ఒకడు తగ్గేడంటే నానొస్తానన్నాను."

"వచ్చే శుక్రవారం కదా? చార్టు చూశాక కదా?"

వాడు నేల చూపులు చూశాడు. "మంగళారం మెసేజీ వచ్చిందక్కా. ఖాతాదారు కోరిక మీద పాట ఉపసంహరించడమైనది అని. సావుకారు బాబుకి ఇష్టం నేదేమో అనుకున్నాను. మీకు సెప్పడానికి మొగమాటమై మీరు ఊరుకున్నారనుకున్నాను. కొట్టు మీద అన్నాళ్ళు సోటిచ్చేరు. నాను వచ్చి ఏటని అడగను?"

మా నాన్న కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి దించుకున్నారు. "నాకు ఇష్టం లేదని ఎవరన్నారు రా?"

"మెసేజీలో ఉన్నాది బాబూ."

"తేదీ మార్చమన్నాను. తీసీమన్లేదు."

"తీసేస్తేనే మారుతుందని వాళ్ళు చెప్తే సరే అన్నారుట," అన్నాను. ఈసారి అరిచాను. కొట్టులో ఆడవాళ్ళందరూ చేతుల్లో చీరలు పట్టుకుని తిరిగి చూశారు. "మీరు పాడ్యమి చూశారు, చతుర్దశి చూశారు. ఈ కుర్రాడి మొహం చూశారా? మూడు నెలలు రోజూ కళింగపట్నం నుంచి రెండు బస్సులు మారి వచ్చి ఆ గోడౌన్లో చెమట్లు కక్కుకుంటూ పాడేడు. మీరు వద్దన్నారనుకుని వాడు నోరు మూసుకుని ప్రయాణం కట్టేడు. ఇంకేం కావాలి నాన్నా రాహుకాలానికి?"

నాన్న వాడి సంచి వైపు చూశారు. "ఎన్నాళ్ళు రా అక్కడ?"

"తొమ్మిది నెల్లు బాబూ."

"ఫోన్ ఉంటాదా?"

"నా ఫోను మామ్మకిచ్చీసేను. అక్కడికెళ్ళి కొత్తది సూసుకుంటాను."

మా నాన్న లేచి, చొక్కా జేబులోంచి ఫోను తీసి, కళ్ళకి దూరంగా పెట్టి, నా ఫోన్లో ఆనంద్‌కుమార్‌కి వినపడేలా అంకె తర్వాత అంకె పైకి చదివారు. ఆరు అంకెలూ అయ్యాక రెండు చెంపలూ వేసుకుని, మళ్ళీ కూర్చున్నారు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, జీవితంలో మొదటిసారి రాహుకాలంలో కొత్త పని మొదలుపెట్టారు. నా కోపం సగం అక్కడే చచ్చిపోయింది. మిగతా సగం దాచుకున్నాను, అవసరం పడుతుందని.

టైము పదకొండూ ముప్పై ఎనిమిది.

"వచ్చింది మేడమ్," అన్నాడు ఆనంద్‌కుమార్. "ఇంకొక్కటే మిగిలింది. ఫారంలో రెండో గొంతు అని ఉంది చూడండి. మధ్యలో ఆడమనిషి పాడతారు కదా? ఆవిడ అనుమతి ఉందా అన్నచోట మొదటిసారి మీరు టిక్ పెట్టేశారు. కొత్త పాటకి అది చెల్లుతుంది. ఒకసారి తీసేసి మళ్ళీ పెట్టిన పాటకి మావాళ్ళు గట్టిగా చూస్తారు. ఆవిడ చేత ఫోన్లో పేరు చెప్పించి, అవును అనిపించండి. నేను రికార్డు చేసుకుంటాను. అర నిమిషం పని."

ఆ గొంతు గురమ్మది. కూడు సల్లారిపోతాది, బేగి రారా అని సాగదీసి పిలిచే ఒక్క పిలుపు. ధనరాజు దాన్ని ఫోన్లో రికార్డు చేసి తెచ్చి, మా మామ్మదక్కా అన్నాడు. నేను దాని కింద డప్పు వేసి, నాలుగుసార్లు తిప్పాను. ముంబై వాళ్ళకి నచ్చింది కూడా ఆ పిలుపే. ఇంతా చేసి, ఆ ముసలమ్మని నేను ఒక్కసారైనా అడగలేదు. టిక్ పెట్టి ముందుకెళ్ళిపోయాను. తేదీ చెప్పకుండా మార్చారని ఇందాకటి నుంచీ నాన్న మీద ఎగిరిపడుతున్నదాన్ని, ఒక మనిషి గొంతుని చెప్పకుండా అమ్మకానికి పెట్టాను. గురివింద గింజకి కింద నలుపు తెలీదంటారు, నాకు అప్పుడు తెలిసింది.

"నీ ఫోను మీ మామ్మ దగ్గరే ఉందన్నావుగా," అన్నాను, నాన్న ఫోను తీసుకుని నంబరు నొక్కుతూ.

ధనరాజు సంచి కింద పెట్టి రెండడుగులు ముందుకొచ్చాడు. "ఒద్దక్కా. మామ్మ ఇప్పుడు ఎండుసేపల కాడ ఉంటాది. ఇనపడదు. ఒగ్గీండి ఇంక."

"ఇరవై నిమిషాలుంది రా."

"ఒగ్గీండక్కా. నానెలాగూ ఎల్తన్నాను."

"నీకేమైనా పిచ్చా? పాట ఎక్కితే వెళ్ళక్కర్లేదు కదా."

వాడు మా నాన్న వైపు చూశాడు, గుమ్మం వైపు చూశాడు. ఈ మనుషులతో నేను వేగలేను. ఒకాయన రాహుకాలమంటాడు, ఒకడు తన పాట తనకే వద్దంటాడు. అవతల ఫోను మోగుతోంది. ఎనిమిదోసారికి ఎత్తారు.

"ఎవులు?"

"గురమ్మగారూ, నేను రాజాం నుంచి సింధూరిని. ధనరాజు పాట చేశాం కదా, అందులో మీ గొంతుంది. అది బయటపెట్టడానికి మీకు ఇష్టమేనా అని అడుగుతున్నాను. ముందే అడగాల్సింది. తప్పు నాదే."

గాలి చప్పుడు, కాకుల అరుపులు. ఆవిడ ఎవర్నో కాకుల్ని తోలమని కేకేసి, మళ్ళీ ఫోను దగ్గరికొచ్చింది. "నా గొంతుతో పాటేటి తల్లీ? ఊళ్ళో అందరూ నీ పాటంట, నీ పాటంట అని నవ్వుతన్నారు. ఆడు నాకు ఇనిపించనేదు. అడిగితే, పాట బయటికొచ్చేక ఇందువుగాని అంతన్నాడు. నాను ఎప్పుడు పాడేనో నాకే తెల్దు."

"ఇప్పుడు వినిపిస్తాను. విని, సరే అంటే చాలు."

"ఏదీ, ఎట్టు."

"అక్కా," అన్నాడు ధనరాజు. మొహం పాలిపోయి ఉంది. నేను పట్టించుకోలేదు. లాప్‌టాప్ తెచ్చి గల్లాపెట్టె మీద పెట్టి, నాన్న ఫోను దాని పక్కన పెట్టి, పాట నొక్కాను. నా ఫోన్లో ఆనంద్‌కుమార్ లైన్లోనే ఉన్నాడు.

ముందు డప్పు. తర్వాత ధనరాజు గొంతు, గబగబా, వల, తెడ్డు, ఎండ, ఆకలి అన్నీ ఒక్క ఊపిరిలో. చీరలు బేరం చేస్తున్న ఆడవాళ్ళు బేరం ఆపి వింటున్నారు. మా నాన్న వేళ్ళు గల్లాపెట్టె మీద తాళం వేస్తున్నాయి, ఆయనకి తెలీకుండానే. అప్పుడు అన్నీ ఆగిపోయి ఆ ఒక్క గొంతు లేచింది. కూడు సల్లారిపోతాది, బేగి రారా.

"ఆపీ," అంది గురమ్మ.

ఆపాను.

"అది నా గొంతు కాదు తల్లీ."

"మరి?"

"అది నా కోడలు నీలవేణి గొంతు. ఈడి తల్లి. ఈడు ఎనిమిదేళ్ళోడప్పుడు ఇల్లొగ్గీసి ఎలిపోనాది. పదమూడేళ్ళయి ఆ పిలుపు నాను ఇననేదు." ఆవిడ గొంతులో ఏడుపు లేదు, కోపమూ లేదు. ఒట్టి ఆశ్చర్యం. "ఆ పిలుపు ఈడికి ఎక్కడ దొరికినాది? ధనా అక్కడున్నాడా? ఒరే ధనా. అది బతికున్నాదేట్రా?"

ధనరాజు కళ్ళ నిండా నీళ్ళు. వాడు కళ్ళు తుడుచుకోలేదు, దాచుకోనూ లేదు.

నా ఫోన్లోంచి ఆనంద్‌కుమార్ మెల్లగా దగ్గాడు. "మేడమ్, తొమ్మిది నిమిషాలుంది. రెండో గొంతు పేరు ఏమని రాయమంటారు? ఆవిడ ఎక్కడుంటారు?"

నేను ధనరాజు వైపు తిరిగాను. వాడు వంగి, నేల మీది సంచి తీసి భుజానికి తగిలించుకుని, గల్లాపెట్టె మీది ఫోను దగ్గరికి వచ్చి నోరు ఆనించాడు.

"వెరావల్‌లో మామ్మా," అన్నాడు. "పోయినేడు సూసేను."